రోగి కోరిందీ అదే, గూగుల్ చెప్పిందీ అదే

మీ ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన మెయిళ్ళలో సగానికి పైగా యూనివర్సిటీ పిల్లలవే. జబ్బులు వేరు వేరు, కథ మాత్రం ఒకటే: ఏదో తేడాగా అనిపించింది, ఫోన్ తీశాను, ఇప్పుడు నిద్ర పట్టట్లేదు. అందుకని ఈ సంచిక మొత్తం వాళ్ళకే. అందరూ నా పిల్లల వయసువాళ్ళు కాబట్టి 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. పేర్లు ఎవరివీ వేయట్లేదు.

ప్ర: పది రోజులుగా తలనొప్పి. మొన్న రాత్రి రెండింటికి 'తలనొప్పి బ్రెయిన్ ట్యూమర్ లక్షణాలు' అని కొట్టి చూస్తే అందులో చెప్పినవన్నీ నాకున్నాయి. తెల్లారేదాకా చదువుతూనే ఉన్నాను. ఇంట్లో చెప్పలేదు, రూమ్మేట్‌కీ చెప్పలేదు. పరీక్షలు ఇంకో మూడు వారాల్లో ఉన్నాయి, రోజూ ఒక మాత్ర వేసుకుని నెట్టుకొస్తున్నాను. స్కాన్ తీయించుకోవాలా?
(ఇంజనీరింగ్ మూడో సంవత్సరం)

జ: నువ్వు కొట్టిన మాటలు ఇంకోసారి చదువుకో. ట్యూమర్ అని నువ్వే అడిగావు, అది ట్యూమర్ గురించే చెప్పింది. రోగి కోరిందీ అదే వైద్యుడు చెప్పిందీ అదే అని సామెత ఉండనే ఉంది, ఇప్పుడు వైద్యుడి కుర్చీలో గూగుల్ కూర్చుంది, అంతే తేడా. ఉత్త 'తలనొప్పి' అని కొట్టినా పెద్దగా మారేది కాదనుకో. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ర్యాన్ వైట్, ఎరిక్ హార్విట్జ్ 2009లో దీని మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. తలనొప్పి అని వెతికితే వచ్చే పేజీల్లో కెఫీన్ మానేస్తే వచ్చే తలనొప్పీ, మెదడులో కణితీ దాదాపు సమానంగా కనిపిస్తున్నాయని వాళ్ళు గమనించారు. మొదటిది ఎంతోమందికి వచ్చేది, రెండోది చాలా అరుదు. కానీ భయపెట్టే జబ్బు గురించి రాసేవాళ్ళూ ఎక్కువే, చదివేవాళ్ళూ ఎక్కువే, కాబట్టి పేజీల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు. ఇలా చిన్న లక్షణంతో మొదలుపెట్టి పెద్ద జబ్బు దాకా వెతుక్కుంటూ పోవడానికి 'సైబర్‌కాండ్రియా' అని పేరుంది. మనం అనుమానం పెనుభూతం అంటాం.

ఇక నీ సంగతి. నీ మెయిల్లో నాకు అసలు కంగారు పుట్టించింది ట్యూమర్ కాదు, 'రోజూ ఒక మాత్ర' అన్న ముక్క. మామూలు నొప్పి మాత్రలైనా నెలకు 15 రోజులో అంతకన్నా ఎక్కువో వేసుకుంటూ మూడు నెలలు దాటిస్తే, ఆ మాత్రలే తలనొప్పి తెప్పించడం మొదలుపెడతాయి. నువ్వింకా అక్కడిదాకా పోలేదు కానీ దారి అదే. అది పారాసిటమాల్ అయితే ఇంకో సంగతి: పెద్దవాళ్ళకైనా 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో అదే మందు కలిసి ఉంటుంది, రెండూ కలిపి వేసుకుని లెక్క తప్పేవాళ్ళని చూస్తూనే ఉంటాను. రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నావు, కళ్ళు చూపించుకుని ఎన్నాళ్ళయింది, మధ్యాహ్నం తింటున్నావా మానేస్తున్నావా... తెల్లారేదాకా చదివావు కదా, ఆ పేజీల్లో ఒక్కటైనా నిన్ను ఇవి అడిగిందా?

స్కాన్ కావాలా వద్దా అన్నది నిన్ను చూసిన డాక్టరు చెప్పాల్సిన మాట. ఆగకుండా పరిగెత్తాల్సినవి మాత్రం చెబుతాను. నిమిషం లోపే భరించలేనంత స్థాయికి చేరిన తలనొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, చూపు తేడాగా ఉండటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి. వీటిలో ఏది ఉన్నా రాత్రి రెండైనా సరే ఎమర్జెన్సీకి వెళ్ళాలి, రూమ్మేట్‌ని లేపి మరీ. ఏదీ లేకపోతే ఈ వారంలోనే మీ హెల్త్ సెంటర్‌కి వెళ్ళు. ఇంకోసారి నెట్‌లో చూడాలనిపిస్తే 'నాకేం జబ్బు' అని కాకుండా 'తలనొప్పికి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి' అని అడిగి చూడు. వచ్చే జవాబుల తీరే మారిపోతుంది.

ప్ర: ఇంటర్న్‌షిప్ కోసం రక్తపరీక్షలు చేయించుకున్నాను. ఇరవై అంకెల్లో ఒక్కటి ఎర్రగా వచ్చింది, హద్దుకి కొంచెమే పైన. దాని పేరు నెట్‌లో కొడితే లివర్ దగ్గర్నుంచి క్యాన్సర్ దాకా చూపిస్తోంది.

జ: ఎర్ర రంగు చూస్తే ఎవరికైనా గుండె గుభేల్‌మంటుంది. ఆ 'నార్మల్' హద్దులు ఎలా గీస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. చాలా పరీక్షలకు ఏం చేస్తారంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే పరీక్ష చేసి, మధ్యలో ఉన్న 95 శాతం మంది అంకెల్ని నార్మల్ అంటారు. అటూ ఇటూ మిగిలిపోయిన 5 శాతం మంది కూడా ఆరోగ్యవంతులే! ఇప్పుడు నువ్వే లెక్క వెయ్యి: ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒకటి హద్దు దాటే అవకాశం 64 శాతం. అలాగని రిపోర్టు మడిచి అటక మీద పడెయ్యకు. ఎంత దాటింది, పోయినసారి ఎంత ఉంది, ముందురోజు జిమ్‌లో ఒళ్ళు హూనం చేసుకున్నావా (దానికే కొన్ని అంకెలు పెరుగుతాయి), ఏవైనా మందులు వాడుతున్నావా, ఇవన్నీ కలిపి చూస్తేనే ఆ అంకెకు అర్థం. చాలాసార్లు కొన్నాళ్ళాగి మళ్ళీ చేయించమంటారు, రెండోసారి మామూలుగా వస్తుంది.

ప్ర: నెలసరి సరిగా రాకపోతే డాక్టరు హార్మోన్ మాత్రలు రాశారు. వాటి వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు 'రెట్టింపు' అని నెట్‌లో చదివి నాలుగో రోజే ఆపేశాను. తప్పు చేశానా?

జ: రెట్టింపు సరే, ఎంతకి రెట్టింపు? ఆ ముక్క ఉందా అక్కడ? 1995లో బ్రిటన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి మందుల భద్రతా కమిటీ, కొన్ని కొత్తరకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని హెచ్చరించింది. పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. అసలు లెక్క ఏమిటంటే, పాతరకం మాత్రలు వాడే 7,000 మందిలో ఒకరికి వచ్చేది, కొత్తవి వాడే 7,000 మందిలో ఇద్దరికి వస్తోంది. ఒకరు ఇద్దరైతే రెట్టింపే, అబద్ధం కాదు. కానీ ఆడపిల్లలు హడలిపోయి మాత్రలు మానేశారు, తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా వేశారు. ఇంకో విడ్డూరం, గర్భంతో ఉన్నప్పుడూ ప్రసవమయ్యాకా రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో ఉండేదానికన్నా ఎక్కువే.

నువ్వు చేసిన తప్పు చదవడం కాదు, ఎవరికీ చెప్పకుండా ఆపేయడం. రాసిన డాక్టరుకే ఫోన్ చేసి, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా, నీకు కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉందా, సిగరెట్ అలవాటుందా అన్నవి దాచకుండా చెప్పు. వాటిని బట్టి మందు మారుస్తారు. మళ్ళీ మొదలుపెట్టాక ఎప్పుడైనా ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా మాత్రం ఫోన్లు పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికే.

ప్ర: నేను లైబ్రరీ సైన్స్‌లో రీసెర్చ్ చేస్తున్నాను. ఆరోగ్యం గురించి ఏ సైటు నమ్మాలో జూనియర్లకు ఒక క్లాసు చెప్పమన్నారు. అడ్రసు చివర 'ఆర్గ్' ఉందా, 'మా గురించి' పేజీ ఉందా, డాక్టర్ల ఫొటోలు ఉన్నాయా అని ఒక పట్టిక తయారుచేశాను. సరిపోతుందా?

జ: కష్టపడి చేశావు, కానీ ఆ పట్టిక చింపెయ్యమనే చెబుతాను. 'ఆర్గ్' ఎవరైనా కొనుక్కోవచ్చు, 'మా గురించి' పేజీలో ఎవరూ తమ గురించి చెడ్డగా రాసుకోరు, ఫొటోల సంగతి నీకు తెలియంది కాదు.

స్టాన్‌ఫర్డ్‌లో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో చేసిన ప్రయోగం నీ క్లాసుకి బాగా పనికొస్తుంది. 10 మంది చరిత్ర ప్రొఫెసర్లు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల్లో నిజానిజాలు తేల్చేవాళ్ళు), 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. వాళ్ళకిచ్చిన పనుల్లో ఒకటి, పిల్లల డాక్టర్ల సంఘాల సైట్లు రెండు చూసి ఏది నమ్మదగ్గదో చెప్పడం. ఒకటి 1930లో పుట్టి వేల వేల మంది సభ్యులున్న అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండోది దానితో విభేదించినవాళ్ళు 2002లో పెట్టుకున్న చిన్న సంఘం, పేరు మాత్రం దగ్గరదగ్గరగా అలాగే ఉంటుంది. విద్యార్థుల్లో సగానికి పైగా రెండోదానికే ఓటేశారు. చదువుకున్న ప్రొఫెసర్లు కూడా తడబడ్డారు! ఎందుకంటే వాళ్ళు ఆ పేజీలోనే కూర్చుని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివారు. ఫ్యాక్ట్ చెకర్లు అలా కాదు, పేజీ తెరిచిన కాసేపటికే బయటికొచ్చి, పక్కన ఇంకో నాలుగు ట్యాబులు తెరిచి, వీళ్ళ గురించి మిగతావాళ్ళు ఏమంటున్నారో చూశారు. పెళ్ళి సంబంధం వస్తే అబ్బాయి గురించి అబ్బాయినే అడిగి ఊరుకుంటామా, పక్కింటివాళ్ళని అడుగుతాం కదా, అదే పద్ధతి. మీ పిల్లలకు ఈ ఒక్కటి వస్తే చాలు, పట్టికలు అక్కర్లేదు.

ముద్రల గురించి కూడా ఒక మాట. 'హాన్' అని జెనీవాలో ఒక సంస్థ 1996 నుంచి ఆరోగ్య సైట్లకు నమ్మకపు ముద్ర ఇచ్చేది. ఆ సంస్థే 2022లో మూతపడింది, కాబట్టి ఎక్కడైనా ఆ ముద్ర ఇంకా కనిపిస్తే అది పాతదే. జర్నల్‌లో వచ్చింది కదా అని కళ్ళు మూసుకోవడమూ కుదరదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన బ్రిటన్ డాక్టరు వేక్‌ఫీల్డ్ పేపరు 1998లో లాన్సెట్ లాంటి పెద్ద వైద్య జర్నల్‌లోనే వచ్చింది, అదీ 12 మంది పిల్లల మీద. దాన్ని వెనక్కి తీసుకోవడానికి 2010 దాకా పట్టింది, ఇప్పటికీ ఎవరో ఒకరు పంచుతూనే ఉన్నారు. మొదలుపెట్టడానికి చోటు కావాలంటే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్ ఉంది, సులువైన భాషలో ఉంటుంది. ఒక వైద్యం పనిచేస్తుందా లేదా అని అధ్యయనాలన్నీ కలిపి తూచే కోక్రేన్ ఉంది, రీసెర్చ్ పిల్లవి కాబట్టి అది నీకు నచ్చుతుంది.

ప్ర: రీల్స్‌లో ఏడీహెచ్‌డీ (దేని మీదా దృష్టి నిలవని సమస్య) లక్షణాలు చెబుతుంటే ప్రతి ఒక్కటీ నన్ను చూసి చెప్పినట్టే ఉంది. ఫ్రెండ్ దగ్గర మాత్రలున్నాయి, పరీక్షల ముందు ఒకటి వేసుకుని చూడమంటున్నాడు.

జ: మాత్ర సంగతి ముందు. వద్దు. అవి గుండె వేగాన్నీ బీపీనీ పెంచే మందులు, నిద్ర చెడగొడతాయి, నీ గుండె ఎలా ఉందో మీ ఫ్రెండ్‌కి తెలియదు.

రీల్స్ విషయానికొస్తే, 2022లో కెనడా పరిశోధకులు టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీ మీద బాగా పేరొచ్చిన 100 వీడియోలు తీసుకుని పరిశీలిస్తే 52 తప్పుదోవ పట్టించేవే. 'ఫోన్ ఎక్కడ పెట్టానో మర్చిపోతాను, పని చివరి నిమిషం దాకా వాయిదా వేస్తాను' అంటే ఎవరికి లేదు చెప్పు, ఈ కాలమ్ గడువు దాటి రెండు రోజులకు పంపుతున్న నాకూ ఉంది. నిజంగా ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి, చదువులోనే కాకుండా ఇంట్లో, స్నేహాల్లో కూడా ఇబ్బంది పెడుతూ ఉండాలి. చిన్నప్పటి నుంచీ అలాగే ఉన్నావని ఇంట్లోవాళ్ళు కూడా అంటే తప్పకుండా సైకియాట్రిస్టుకి చూపించుకో, కొందరికి పెద్దయ్యాకే తెలుస్తుంది. ఈ సెమిస్టర్ నుంచే మొదలైతే నిద్ర, టెన్షన్, దిగులు లాంటివి ముందు చూడాలి.

ప్ర: ఆన్‌లైన్‌లో డిప్రెషన్ పరీక్ష చేసుకుంటే 17 వచ్చింది. ఇవన్నీ ఉత్తుత్తివే కదా?

జ: ఇది ఉత్తుత్తిది కాదు తల్లీ. నువ్వు పంపిన ఫొటో చూశాను, అది పీహెచ్‌క్యూ-9, మేమూ వాడతాం. 9 ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, మొత్తం 27కి. దాంతోనే జబ్బు ఉందని తేల్చరు, కానీ 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఒక మనిషి కూర్చుని నీతో మాట్లాడాలి అని అర్థం. నెట్‌ని నమ్మొద్దని పైన ఇంతసేపు చెప్పిన నేనే చెబుతున్నాను, ఈసారి మాత్రం అది చెప్పింది విను. ఈ వారంలోనే కౌన్సెలర్‌నో డాక్టరునో కలువు. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అన్నది, దానికి 'లేదు' తప్ప వేరే ఏం టిక్ పెట్టినా రేపటిదాకా ఆగొద్దు. ఈ రోజే, పక్కన ఎవరినైనా తోడు పెట్టుకుని వెళ్ళు. (ఈ మెయిల్‌కి వచ్చిన రోజే జవాబిచ్చాను.)

ప్ర: నిన్న రాత్రి కండోమ్ చిరిగిపోయింది. పొద్దున్నుంచీ వెతుకుతున్నాను, ఒక్కో సైటు ఒక్కో మాట. హెల్త్ సెంటర్‌కి వెళ్తే అందరికీ తెలిసిపోతుందని భయం. ఇన్‌కాగ్నిటోలోనే చూస్తున్నాను.

జ: దీనికీ అదే గంట జవాబిచ్చాను, మిగతావాళ్ళకు పనికొస్తుందని ఇక్కడ వేస్తున్నాను. ఇలాంటి విషయంలో నెట్‌లో తప్పు సమాచారం కన్నా ప్రమాదం, వెతుకుతూ కూర్చోవడం. గడియారం నడుస్తోంది. లీవోనార్‌జెస్ట్రెల్ అనే ఎమర్జెన్సీ మాత్ర 72 గంటల లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. యులిప్రిస్టల్ అనే ఇంకో మాత్రకు 120 గంటల దాకా టైముంది. కాపర్ లూప్ 5 రోజుల లోపు వేయించుకోవచ్చు, మూడింటిలో అదే గట్టిది. సైట్లు రకరకాల గంటలు చెప్పడానికి కారణం ఇదే, అవి వేరు వేరు మందుల గురించి రాస్తున్నాయి. తర్వాతి నెలసరి వారం దాటి ఆలస్యమైతే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకో.

అవతలి మనిషికి హెచ్ఐవీ ఉండొచ్చనే అనుమానం ఉంటే దానికీ 72 గంటలే. పెప్ అంటారు, హెచ్ఐవీ అంటుకోకుండా వేసుకునే 28 రోజుల మందుల కోర్సు, మొదటి మోతాదు ఎంత ముందు పడితే అంత మంచిది. రేపే టెస్ట్ చేయించుకుని 'నెగటివ్' అని ఊపిరి పీల్చుకోవడం పొరపాటు, చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే పరీక్షలో కూడా బయటపడటానికి 18 నుంచి 45 రోజులు పడుతుంది. పెప్ తీసుకుంటే టెస్ట్ ఎప్పుడెప్పుడన్నది వాళ్ళే చెబుతారు.

ఇన్‌కాగ్నిటో గురించి: అది నీ ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతవరకే. క్యాంపస్ వైఫై నడిపేవాళ్ళకు ఏ సైటుకి వెళ్ళావో తెలిసే వీలుంది. డాక్టరు మాత్రం రోగి విషయం బయటపెట్టకూడదనే నియమానికి కట్టుబడి ఉంటారు. క్యాంపస్‌లో మరీ మొహమాటమైతే బయట ఏ క్లినిక్‌కైనా వెళ్ళు, కానీ ఈ రోజే వెళ్ళు.

ప్ర: ఇప్పుడు ఏఐ ఉంది కదా మేడమ్, గూగుల్ కాలం పోయింది. దాన్ని అడిగితే డాక్టరులాగే మాట్లాడుతోంది.

జ: మాట్లాడుతుంది, ఓపిగ్గా కూడా మాట్లాడుతుంది, ఆ విషయంలో మా వాళ్ళే దాన్ని చూసి నేర్చుకోవాలి. వీటికి ముందు లక్షణాలు టిక్ పెడితే జబ్బు చెప్పే సైట్లు వచ్చాయి గుర్తుందా? 2015లో బీఎంజే జర్నల్‌లో అలాంటి 23 సైట్లనూ యాప్‌లనూ 45 కేసులతో పరీక్షిస్తే, అసలు జబ్బు పేరు మొదటి వరసలో చెప్పింది 34 శాతం సార్లే. ఇప్పటివి వాటికన్నా చాలా తెలివైనవే, ఒప్పుకుంటాను. కానీ నీ పొట్ట నొక్కి చూడలేదు, నువ్వు చెప్పడం మర్చిపోయింది దానికి తెలియదు, లేని పరిశోధనా పత్రానికి పేరూ సంవత్సరమూ పెట్టి తడుముకోకుండా చెప్పగలదు. నేనైతే రిపోర్టులో అర్థంకాని మాటలు విడమర్చి చెప్పించుకోవడానికీ, డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు రాయించుకోవడానికీ వాడుకోమంటాను. మందు, మోతాదు మాత్రం దాని మాట మీద వేసుకోకు.

ప్ర: 'నెట్‌లో చదివాను' అనగానే మా డాక్టరు మండిపడతారు.

జ: 'నాకు ఫలానా జబ్బట' అని మొదలుపెడితే నేనూ చిరాకు పడతాను, ఒప్పుకోవాలి. 'ఫలానా చోట ఇది చదివి భయమేసింది, నాకు ఎందుకు కాదో చెబుతారా' అని అడిగి చూడు. ముప్ఫై పేజీలు ప్రింటు తీసుకెళ్ళకు, ఒక్కటి చాలు. అయినా కసురుకుంటే ఇంకో డాక్టరుని చూసుకో.

ప్ర: మెడిసిన్ రెండో సంవత్సరం. ఏ పాఠం చదివితే ఆ జబ్బు నాకే ఉన్నట్టుంది. నవ్వుకోకండి.

జ: నవ్వుకుంటున్నాను, ఏమనుకోకు. దీనికి 'మెడికల్ స్టూడెంట్స్ డిసీజ్' అని ఎప్పటినుంచో పేరుంది, ఇంటర్నెట్ లేని రోజుల్లో ఇది మాకు మాత్రమే ఉండేది, ఇప్పుడు అందరికీ అందుబాటులోకి వచ్చింది. నేను మూడో ఏడాదిలో ఉండగా రొమ్ము ఎముక కింద గట్టిగా ఏదో చేతికి తగిలింది. కణితే అని రెండు వారాలు అన్నం సహించలేదు, పుస్తకాలన్నీ తిరగేశాను, ప్రతి పుస్తకమూ అవునన్నట్టే ఉంది. చివరికి ఏడుపు ఆపుకుంటూ మా సర్జరీ ప్రొఫెసర్ గారికి చూపిస్తే, ఆయన ఒక్క వేలితో నొక్కి చూసి, అనాటమీలో ఎన్ని మార్కులొచ్చాయమ్మా అని అడిగారు. అది జైఫాయిడ్, రొమ్ము ఎముక కొస, ఆయనకూ ఉంది.